కోచ్‌తో పడదు, కప్పు మాత్రం వచ్చింది: స్పెయిన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు కథ

2022 సెప్టెంబర్‌లో స్పెయిన్‌కి చెందిన 15 మంది ప్లేయర్లు తమ దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి ఈమెయిళ్ళు పంపారు, ఈ పరిస్థితులు మారేదాకా మమ్మల్ని జాతీయ జట్టుకి పిలవకండి అని. పదకొండు నెలలు తిరక్కుండానే అదే దేశం, అదే కోచ్ కింద, ప్రపంచకప్ గెలిచింది. ఇంకో మూడు వారాలు గడిచేసరికి ఆ కోచ్ ఉద్యోగం పోయింది, ఫెడరేషన్ అధ్యక్షుడి కుర్చీ కూడా పోయింది.

కప్పు పోగొట్టుకున్నాక కోచ్‌ని సాగనంపిన దేశాలు బోలెడు. కప్పు తెచ్చాక పంపించేసిన దేశం ఎక్కడుందో చెప్పండి. అందుకే ఈ జట్టు గురించి మాట్లాడేవాళ్ళు రెండు రకాలుగా విడిపోతారు. కోచ్ విల్దా గెలిపించాడు కదా, మరి ఆ 15 మంది అలిగింది దేనికి, అంటే వాళ్ళదే తప్పన్నమాట, అని కొందరు. కోచ్ అలాంటివాడైనా గెలిచారు, అంత గొప్ప ప్లేయర్లు వాళ్ళు, కోచ్‌దేమీ లేదు అని ఇంకొందరు. మన దగ్గర చాలామందికి ఈ జట్టు పేరు తెలిసిందే ఫెడరేషన్ అధ్యక్షుడు రుబియాలెస్ పతకాల వేదిక మీద ఒక ప్లేయర్‌కి పెట్టిన ముద్దు గొడవతో కాబట్టి మూడో రకం కూడా ఉంది, కథ మొత్తాన్నీ ఆ ఒక్క సంఘటనకి కుదించేవాళ్ళు. నన్నడిగితే ఈ మూడూ అరకొర మాటలే. గెలిచే ప్లేయర్లని తయారు చేసింది ఎవరు, వాళ్ళతో పేచీ పెట్టుకున్నది ఎవరు, ఇద్దరూ ఒకే గొడుగు కింద ఎలా ఉన్నారు అన్నది విడివిడిగా చూస్తే తప్ప ఇది అర్థం కాదు. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి, ఫ్రాంకో కాలం దాకా.

ఫ్రాంకో నియంతృత్వంలో, అంటే 1939 నుంచి 1975 దాకా, ఆడపిల్లలు ఏ ఆట ఆడాలో చెప్పే పెత్తనం ఆయన పాలక పార్టీ ఫాలాంజ్ మహిళా విభాగం చేతిలో ఉండేది. ఫుట్‌బాల్ ఆడవాళ్ళ ఒంటికి, గుణానికి తగదని వాళ్ళ లెక్క. పెళ్ళయిన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలనే చట్టం ఆ దేశంలో 1975 వరకు ఉంది. అలాంటి చోట 1970 చివర్లో ఉన్నట్టుండి ఆడవాళ్ళ మ్యాచ్‌లకి జనం ఎగబడ్డారు. డిసెంబర్ 8న మాడ్రిడ్ శివారు వియావెర్దేలో జరిగిన మ్యాచ్‌కి వేలమంది వచ్చారు. అందులో కొంచీ సాంచెస్ అనే 13 ఏళ్ళ పిల్ల ఐదు గోల్స్ కొట్టింది. అప్పటి రియల్ మాడ్రిడ్ ఫార్వర్డ్ అమాన్సియో ఆట గుర్తొస్తోందని ఆమెకి ‘అమాన్సియో’ అనే పేరు పడిపోయింది. సరిగ్గా 17 రోజులకి, క్రిస్మస్ నాడు, బార్సిలోనాలో క్యాంప్ నౌ మైదానంలో ఇంకో మ్యాచ్. ఇన్మాకులాదా కబెసెరాన్ అనే అమ్మాయి నేరుగా బార్సిలోనా క్లబ్ అధ్యక్షుడు అగుస్తీ మొంతాల్ దగ్గరికి వెళ్ళి అడిగి, పేపర్లో ప్రకటన వేయించి, జట్టు కూడగట్టింది. కోచింగ్ ఇచ్చింది ఆ క్లబ్ పాత గోల్‌కీపర్, స్పెయిన్ అంతా ఎరిగిన అంతోనీ రమయెత్స్. ఆడినది క్లబ్ మైదానంలోనే, కానీ క్లబ్ పేరూ క్లబ్ రంగులూ మాత్రం వాడుకోనివ్వలేదు. ‘బార్సిలోనా నగర జట్టు’ అన్నారంతే.

ఈ ‘ఆడుకోండి కానీ మావాళ్ళని మాత్రం చెప్పుకోకండి’ అన్న ధోరణి ఆ ఒక్క క్లబ్‌ది కాదు. 1971 ఫిబ్రవరి 21న ముర్సియాలోని లా కొందొమీనా స్టేడియంలో స్పెయిన్ అమ్మాయిలు పోర్చుగల్‌తో ఆడారు, రఫాయెల్ మూగా అనే నిర్వాహకుడి చలవతో. స్కోరు 3-3. దాన్ని జాతీయ జట్టు మ్యాచ్‌గా ఫెడరేషన్ గుర్తించలేదు, చొక్కా మీద ఫెడరేషన్ చిహ్నం పెట్టుకోనివ్వలేదు. రిఫరీ కూడా రిఫరీ దుస్తుల్లో కనబడకూడదన్నారు కాబట్టి ఆయన ట్రాక్‌సూట్ వేసుకుని విజిల్ ఊదాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఫెడరేషన్ అధ్యక్షుడు పెరెస్ పాయా పత్రికల వాళ్ళతో అన్నదాని సారాంశం ఇది: ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి తాను వ్యతిరేకం కాదట, కానీ చూడ్డానికి అంత ఇంపుగా ఉండదట, చొక్కా నిక్కరులో ఆడవాళ్ళు అందంగా కనబడరట, ఏ ప్రాంతీయ సంప్రదాయ దుస్తులైనా వాళ్ళకి అంతకన్నా బాగా నప్పుతాయట. ఆయన స్వయంగా మాజీ ఫుట్‌బాలర్, అత్లెతికో మాడ్రిడ్‌కీ రియల్ మాడ్రిడ్‌కీ ఆడినవాడు.

ఇక్కడొక తేడా గమనించాలి. ఇంగ్లండ్ 1921లో, పశ్చిమ జర్మనీ 1955లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని రాతపూర్వకంగా నిషేధించాయి, 1970 ప్రాంతంలో ఎత్తేశాయి. నిషేధం ఉంటే దాన్ని ఎత్తేయమని అడగడానికైనా ఒక కాగితం ఉంటుంది. స్పెయిన్‌లో ఫెడరేషన్ చేసింది పట్టించుకోకపోవడం. వద్దనలేదు, అవుననలేదు. దీనితో పోరాడటం ఎక్కువ కష్టం. మహిళల ఫుట్‌బాల్‌ని ఫెడరేషన్ తన కిందికి తీసుకున్నది 1980లో. మొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ 1983 ఫిబ్రవరి 5న, గలీసియాలోని ఆ గ్వార్దాలో, మళ్ళీ పోర్చుగల్ మీదే, 0-1తో ఓటమి. లెక్క ప్రకారం జట్టు చరిత్ర అక్కడ మొదలవుతుంది, 1971లో ఆడినవాళ్ళు ఆ లెక్కలో లేరు. కొంచీ సాంచెస్ అయితే ఇక్కడ భవిష్యత్తు లేదని టీనేజీలోనే ఇటలీ వెళ్ళిపోయి కెరీర్‌లో ఎక్కువ భాగం అక్కడే ఆడుకుంది.

గుర్తింపు వచ్చాక పరిస్థితి మారిపోయిందా అంటే, లేదు. 1988లో జాతీయ లీగ్ మొదలైంది. అదే ఏడాది ఇగ్నాసియో కెరెదా అనే ఆయన జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. 2015 దాకా ఆయనే ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళు! పురుషుల జట్టుకి ఒక యూరో (యూరప్ జాతీయ జట్ల కప్పు) పోతే కోచ్ మారిపోతాడు, ఇక్కడ ఒక తరం పుట్టి, పెరిగి, జట్టులోకి వచ్చి, రిటైరైపోయినా కోచ్ మారలేదు. మధ్యలో చెప్పుకోదగ్గది 1997 యూరోలో సెమీఫైనల్ దాకా వెళ్ళడం, ఆ తర్వాత 2013 యూరోలో క్వార్టర్స్. అంత పొడుగున ఆయన ఉండిపోవడానికి ఏదో పెద్ద కుట్ర అక్కర్లేదు. ఎవరూ చూడటం లేదు కాబట్టి ఎవరూ అడగలేదు, అంతే. ఫలితాల కోసం ఒత్తిడి ఉంటే కదా మార్చేది.

2015లో స్పెయిన్ మొదటిసారి మహిళల ప్రపంచకప్‌కి వెళ్ళింది, కెనడాకి. కోస్టారికాతో 1-1 డ్రా, విక్కీ లొసాదా కొట్టినది ఈ టోర్నీలో ఆ దేశానికి తొలి గోల్. తర్వాత బ్రెజిల్ చేతిలో 0-1, దక్షిణ కొరియా చేతిలో 1-2. గ్రూపులో ఆఖరి స్థానం, ఒక్క పాయింటుతో ఇంటికి. ఆ ఓటమి తర్వాత జట్టులోని 23 మందీ కలిసి ఒక బహిరంగ ప్రకటన చేశారు: సన్నాహక మ్యాచ్‌లు సరిగా లేవు, అక్కడి వాతావరణానికి అలవాటు పడే టైమ్ ఇవ్వలేదు, ప్రత్యర్థుల ఆట గురించి చెప్పింది అంతంతమాత్రం, కోచ్‌తో మా దారి ఇక్కడితో ముగిసిందని అనుకుంటున్నాం. కొద్ది వారాల్లో కెరెదా వెళ్ళిపోయాడు. కెప్టెన్ వెరో బోకెతె ఆ ఏడాదే జర్మనీ క్లబ్ ఫ్రాంక్‌ఫర్ట్‌తో యూరప్ క్లబ్‌ల కప్పు చాంపియన్స్ లీగ్ గెలిచి వచ్చిన ప్లేయర్. అంటే బయట మంచి కోచింగ్ ఎలా ఉంటుందో కళ్ళారా చూసిన మనిషి. కెరెదా తర్వాత వచ్చిన కోచ్ హయాంలో, 2017 నుంచి, ఆమెకి పిలుపు రాలేదు. ఆ ప్రకటన వల్లే అని రుజువేమీ లేదు, కానీ జట్టులో మిగతావాళ్ళు దాన్ని ఎలా అర్థం చేసుకుని ఉంటారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఆ 23 సంతకాల్లో అలెక్సియా పుతెయాస్ ఉంది, జెన్నీ హెర్మోసో ఉంది, ఇరేనే పరేదెస్ ఉంది. ఈ పేర్లు గుర్తుంచుకోండి. 2022లో తిరుగుబాటు ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడిందని అనుకునేవాళ్ళు ఈ 2015 సంగతి మర్చిపోతున్నారు.

ఇప్పుడు క్లబ్‌ల వైపు వద్దాం, ఎందుకంటే కప్పు గెలిచిన కాళ్ళు తయారైంది అక్కడ. 1970లో క్రిస్మస్ నాడు ఆడిన ఆ బార్సిలోనా జట్టు వేరే వేరే పేర్లతో, సొంత తిప్పలతో నెట్టుకొచ్చి 2000ల మొదట్లోగానీ క్లబ్‌లో అధికారిక విభాగం కాలేదు. అయినా 2007లో కింది డివిజన్‌కి పడిపోయింది, ఏడాదిలో తిరిగొచ్చింది. ఆ రోజుల్లో లీగ్‌ని ఏలింది వేరేవాళ్ళు: బిల్బావోకి చెందిన అథ్లెటిక్ క్లబ్, వలెన్సియాలో లెవాంతె, మాడ్రిడ్ కార్మిక పేట క్లబ్ రాయో వయెకానో (2009 నుంచి 2011 దాకా వరసగా మూడు టైటిళ్ళు). బార్సిలోనాకి మొదటి లీగ్ టైటిల్ 2012లో వచ్చింది. అసలు మలుపు 2015లో, క్లబ్ మహిళల విభాగాన్ని పూర్తి ప్రొఫెషనల్ చేసినప్పుడు. వినడానికి పొడిగా ఉంటుంది గానీ దీని అర్థం ఏమిటంటే పొద్దంతా కాలేజీకో పనికో వెళ్ళి సాయంత్రం అలసటతో ప్రాక్టీసుకి వచ్చే బతుకు పోయి, ఉదయం ప్రాక్టీసు, తర్వాత జిమ్, ఫిజియో, తిండి, విశ్రాంతి, ఇదే ఉద్యోగం అనే బతుకు వచ్చింది.

దాని ఫలితం వెంటనే రాలేదు. లీగ్‌ని 2017, 2018, 2019ల్లో వరసగా అత్లెతికో మాడ్రిడ్ ఎగరేసుకుపోయింది. 2019 మే నెలలో బుడాపెస్ట్‌లో బార్సిలోనా తొలిసారి చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడితే మొదటి అరగంటలోనే ఫ్రాన్స్ క్లబ్ ల్యోన్ నాలుగు గోల్స్ వేసేసింది, అందులో మూడు వాళ్ళ స్ట్రైకర్ హేగర్‌బర్గ్‌వి. చివరికి 4-1. బంతి మీద పట్టు స్పెయిన్ వాళ్ళకి ముందునుంచీ ఉంది, లేనిది ల్యోన్‌కున్న ఒంటి బలం, పరుగు వేగం. రెండేళ్ళు తిరిగేసరికి 2021 మేలో గోథెన్‌బర్గ్‌లో చెల్సీ మీద ఇదే కథ తిరగబడింది: 36 నిమిషాల్లో నాలుగు గోల్స్, 4-0, కప్పు బార్సిలోనాది. 2022లో మళ్ళీ ల్యోన్ చేతిలో ఓటమి, 2023లో జర్మనీ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్ మీద 0-2 నుంచి లేచి 3-2 గెలుపు, 2024లో బిల్బావోలో ఎట్టకేలకు ల్యోన్‌ని 2-0తో కొట్టడం. 2022 మార్చిలో రియల్ మాడ్రిడ్ మీద మ్యాచ్‌కి క్యాంప్ నౌకి 91,553 మంది, తర్వాతి నెల వోల్ఫ్స్‌బర్గ్ మీద 91,648 మంది వచ్చారు. ఒకప్పుడు సొంత రంగులు వేసుకోనివ్వని మైదానం అదే.

అయితే జాతీయ జట్టంటే బార్సిలోనా అని తేల్చేయడం కూడా పొరపాటే. పరేదెస్ బాస్క్ ప్రాంతం అమ్మాయి, రియల్ సోసియెదాద్, అథ్లెటిక్, పారిస్ క్లబ్‌లన్నీ తిరిగి వచ్చింది. హెర్మోసో మాడ్రిడ్ అమ్మాయి, అత్లెతికోలో మొదలై రాయోలో రాటుదేలింది. ప్రపంచకప్ ఫైనల్లో గోల్ కొట్టిన ఓల్గా కార్మోనాది సెవియా, ఆడేది అప్పట్లో రియల్ మాడ్రిడ్‌కి. రియల్ మాడ్రిడ్‌కి మహిళల జట్టు ఉందన్నదే 2020 నుంచి, అది కూడా తాకోన్ అనే చిన్న క్లబ్‌ని కలుపుకుని. ప్రపంచంలోనే అంత పెద్ద క్లబ్ అన్నాళ్ళు ఆగిందంటే ఏమనాలో మీరే చెప్పండి.

డబ్బు సంగతి కూడా క్లబ్‌లు దయతలచి ఇచ్చింది కాదు. 2019 నవంబర్‌లో ఫస్ట్ డివిజన్ ప్లేయర్లు సమ్మె చేశారు, ఒక వారాంతం మ్యాచ్‌లన్నీ ఆగిపోయాయి. ఏడాదికి పైగా నలిగిన చర్చలు అప్పుడు కదిలి 2020 ఫిబ్రవరిలో మొదటి ఉమ్మడి ఒప్పందం అయింది: కనీస జీతం ఏడాదికి 16,000 యూరోలు, గర్భం దాల్చినా ఉద్యోగ రక్షణ లాంటివి. పురుషుల ఫుట్‌బాల్ పక్కన పెడితే ఇది చిల్లర. కానీ ఆ సమ్మెతో వాళ్ళు నేర్చుకున్నది జీతం కన్నా పెద్దది. వేరే వేరే క్లబ్‌ల వాళ్ళు, మైదానంలో ఒకరినొకరు తన్నుకునేవాళ్ళు, ఒకే మాట మీద నిలబడితే ఏమవుతుందో చూశారు.

ఇక ఫెడరేషన్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. చిన్న వయసు జట్ల విషయంలో వాళ్ళ పని గట్టిది. అండర్-17 ప్రపంచకప్ 2018లో గెలిచారు, అండర్-20 ప్రపంచకప్ 2022 ఆగస్టులో గెలిచారు, అండర్-17 మళ్ళీ 2022 అక్టోబర్‌లో గెలిచారు. ఆ చివరిది మన దేశంలోనే, నవీ ముంబైలో, కొలంబియా మీద 1-0తో. ఆ టోర్నీలో ఉత్తమ ప్లేయర్‌గా నిలిచిన విక్కీ లోపెస్ ఆటని మన ప్రేక్షకులు ప్రత్యక్షంగా చూశారు, అప్పటికామె ఎవరో మనలో చాలామందికి తెలియదు. గమనించండి, సీనియర్ జట్టులో 15 మంది తప్పుకుని నెల రోజులైన సమయం అది. అదే ఫెడరేషన్ ఒక చేత్తో ప్రపంచ చాంపియన్లని తయారు చేస్తోంది, ఇంకో చేత్తో సీనియర్లతో కొట్లాడుతోంది.

విల్దా ఆ మొదటి చేతి మనిషి. కెరెదా తర్వాత 2015లో హోర్హే విల్దాని తెచ్చారు, అంతకుముందు అండర్-17 జట్టుని యూరప్ చాంపియన్‌ని చేసినవాడు, 2014లో అదే వయసు ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా తీసుకెళ్ళినవాడు. ఆయన తండ్రి ఆంహెల్ విల్దా కూడా ఫెడరేషన్‌లో మహిళల ఫుట్‌బాల్‌తో సంబంధం ఉన్న కోచే. కాబట్టి బయటినుంచి కొత్త గాలి వస్తుందని ఎదురుచూసినవాళ్ళకి ఇది ఇంట్లోవాళ్ళకే ఇచ్చిన పదవిలా కనబడింది. పనికిరానివాడని అనలేం. 2019 ప్రపంచకప్‌లో అమెరికా మీద ప్రీక్వార్టర్స్‌లో రెండు పెనాల్టీలతో 1-2 ఓటమి, 2022 యూరోలో క్వార్టర్స్‌లో ఇంగ్లండ్ మీద అదనపు సమయంలో 1-2. రెండు సార్లూ ఆ కప్పు గెలిచిన జట్టు చేతిలోనే ఓడారు. కానీ క్లబ్‌లో రోజూ ప్రపంచస్థాయి ప్రాక్టీసు, విశ్లేషణ, వైద్యం చూస్తున్న ప్లేయర్ జాతీయ క్యాంపుకి వస్తే ఒక మెట్టు కిందికి దిగినట్టు ఉంటే ఎలా ఉంటుంది? పాత తరానికి పోల్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి సర్దుకుపోయారు. ఈ తరానికి ఉంది. తగాదాకి వేరు ఇదేనని నా లెక్క. జట్టు దిగజారడం వల్ల రాలేదు ఆ గొడవ, క్లబ్‌లు పైకి వెళ్ళిపోతే జాతీయ జట్టు ఏర్పాట్లు అక్కడే ఉండిపోవడం వల్ల వచ్చింది.

ఆ 15 ఈమెయిళ్ళలో మాట ఒకటే: జాతీయ జట్టులోని పరిస్థితులు మా మానసిక స్థితి మీద, ఆరోగ్యం మీద ప్రభావం చూపుతున్నాయి, అవి మారేదాకా మమ్మల్ని పిలవకండి. ఐతానా బొన్మతీ, పాత్రీ గిహారో, మాపీ లియోన్, మరియోనా కాల్దెంతెయ్, ఓనా బాట్లే, గోల్‌కీపర్ సాంద్రా పాన్యోస్, క్లౌడియా పీనా, ఇంకా ఎనిమిది మంది. అలెక్సియా అప్పటికి మోకాలి గాయంతో బయట ఉంది, తన మద్దతు తెలిపింది. పరేదెస్, హెర్మోసో ఈమెయిల్ పంపకపోయినా వాళ్ళ వైపే నిలబడ్డారు. ఫెడరేషన్ ఈ విషయాన్ని తనే బయటపెట్టి, కోచ్‌ని తీసేయమని బెదిరిస్తున్నారన్నట్టు ప్రకటన ఇచ్చింది. పిలిస్తే రాకపోవడం రెండు నుంచి ఐదేళ్ళ దాకా వేటు పడగల తప్పని గుర్తుచేసింది, తిరిగి రావాలంటే క్షమాపణ చెప్పి రావాలంది. మేం ఎవర్నీ తీసేయమనలేదని ప్లేయర్లు జవాబిచ్చారు. ఆ తర్వాత నెలల తరబడి ఎవరి పంతం వాళ్ళది.

ఈలోగా విల్దా ఉన్నవాళ్ళతో జట్టు కట్టి 2022 అక్టోబర్‌లో పాంప్లోనాలో అమెరికాని 2-0తో ఓడించాడు. అమెరికా మీద స్పెయిన్‌కి అదే తొలి గెలుపు. ‘చూశారా, వాళ్ళు లేకపోయినా నడుస్తుంది’ అన్నవాళ్ళకి బలం వచ్చింది. తప్పుకున్నవాళ్ళకి ముందు నుయ్యి, వెనక గొయ్యి: వెళ్తే మాట తప్పినట్టు, వెళ్ళకపోతే జీవితంలో ఒక్కసారి దొరికే ప్రపంచకప్ పోయినట్టు. ప్రయాణాలు, సహాయక సిబ్బంది, కుటుంబాల్ని తీసుకెళ్ళే ఏర్పాట్లు కొంత మెరుగయ్యాయి, కొందరు మళ్ళీ అందుబాటులో ఉంటామన్నారు, చివరికి 15 మందిలో జట్టుకి ఎంపికైంది ముగ్గురే: ఐతానా, మరియోనా, ఓనా. మాపీ, పాత్రీ రాలేదు. ప్రపంచంలో అత్యుత్తమ డిఫెండర్లలో ఒకరు, అత్యుత్తమ మిడ్‌ఫీల్డర్లలో ఒకరు టీవీలో చూశారు ఆ ప్రపంచకప్‌ని.

మైదానంలో ఏమైందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే కోచ్‌కి పాత్ర లేదన్న వాదన ఇక్కడ నిలబడదు. గ్రూపులో కోస్టారికా మీద 3-0, జాంబియా మీద 5-0, తర్వాత జపాన్ చేతిలో 0-4 ఘోర పరాభవం. జపాన్ బంతిని వీళ్ళకే వదిలేసి, దొరికినప్పుడల్లా మెరుపులా దూసుకొచ్చి కొట్టింది. అలాంటి దెబ్బ తిన్నాక చాలామంది కోచ్‌లు పాత జట్టునే నమ్ముకుంటారు. విల్దా స్విట్జర్లాండ్ మీద ఐదుగురిని మార్చేశాడు, గోల్‌కీపర్‌తో సహా. కొత్తగా వచ్చిన కాతా కోల్‌కి సీనియర్ జట్టులో అదే తొలి మ్యాచ్, ప్రపంచకప్ నాకౌట్! 5-1తో గెలిచారు. క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ మీద అదనపు సమయంలో 111వ నిమిషంలో సల్మా పరాయుయెలో గోల్, 2-1. ఒకప్పుడు 400 మీటర్ల పరుగులో పేరు తెచ్చుకున్న 19 ఏళ్ళ పిల్ల ఆమె, అండర్-17, అండర్-20 కప్పులు అప్పటికే చేతిలో ఉన్నాయి. సెమీస్‌లో స్వీడన్ మీద మళ్ళీ సల్మా, చివర్లో ఓల్గా, 2-1. ఆగస్టు 20న సిడ్నీలో 75,784 మంది ముందు ఫైనల్, ఇంగ్లండ్. ఇంగ్లండ్ డిఫెండర్ లూసీ బ్రాంజ్ బంతి పట్టుకుని ముందుకొచ్చి పోగొట్టుకున్న చోటునే వీళ్ళు వాడుకున్నారు, మరియోనా అందించిన బంతిని ఓల్గా ఎడమ కాలితో మూలకి కొట్టింది, 29వ నిమిషం. రెండో సగంలో హెర్మోసో పెనాల్టీని ఇంగ్లండ్ గోల్‌కీపర్ ఎర్ప్స్ ఆపేసినా ఆ ఒక్క గోలే సరిపోయింది. తండ్రి చనిపోయాడన్న కబురు ఓల్గాకి మ్యాచ్ అయ్యాకే చెప్పారు. టోర్నీ ఉత్తమ ప్లేయర్ ఐతానా.

కాబట్టి లెక్క వేస్తే: ఆట క్లబ్‌లది, కుర్రజట్టు అనుభవం ఫెడరేషన్‌ది, మధ్యలో జట్టుని మార్చిన ధైర్యం విల్దాది, ఆ మాత్రం సౌకర్యాలైనా వచ్చింది అడిగి దెబ్బలు తిన్నవాళ్ళ వల్ల. ‘గెలిచారు కాబట్టి ఫిర్యాదు అబద్ధం’ అనేవాళ్ళు చివరిదాన్ని లెక్కలోంచి తీసేస్తున్నారు. గెలుపు ఆటకి సంబంధించింది, ఫిర్యాదు పని పరిస్థితులకి సంబంధించింది. లాభాలొచ్చిన కంపెనీలో ఉద్యోగుల ఫిర్యాదు చెల్లదని ఎవరైనా అంటారా?

తర్వాతది అందరికీ తెలిసిందే. పతకాలిచ్చే వేదిక మీద ఫెడరేషన్ అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ హెర్మోసో తల పట్టుకుని పెదాల మీద ముద్దు పెట్టాడు. ఆగస్టు 25న ఫెడరేషన్ సభలో రాజీనామా చేయను అని ఐదుసార్లు అరిచాడు, అదే వేదిక మీంచి విల్దాకి ఏడాదికి 5 లక్షల యూరోల చొప్పున నాలుగేళ్ళ కొత్త కాంట్రాక్టు ఇస్తానన్నాడు, హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో విల్దా కూడా ఉన్నాడు. అదే రోజు 81 మంది ప్లేయర్లు, కప్పు గెలిచిన 23 మందితో సహా, ఈ నాయకత్వం ఉన్నంతవరకు ఆడబోమని ప్రకటించారు. ‘సె అకాబో’, అంటే ఇక చాలు, అన్న మాట దేశమంతా మోగింది. మర్నాడు రుబియాలెస్‌ని ఫీఫా సస్పెండ్ చేసింది. సెప్టెంబర్ 5న విల్దాని తీసేశారు, 10న రుబియాలెస్ దిగిపోయాడు. 15 మంది ఏడాది పాటు ఈమెయిళ్ళతో కదపలేని కుర్చీలు ఇలా కదిలాయి. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారే, అలా. 2025 ఫిబ్రవరిలో జాతీయ న్యాయస్థానం రుబియాలెస్‌ని లైంగిక దాడి నేరంలో దోషిగా తేల్చి 10,800 యూరోల జరిమానా వేసింది. హెర్మోసో మీద ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణలో మాత్రం అతన్నీ, విల్దాతో సహా మిగతా ముగ్గురినీ నిర్దోషులుగా వదిలేసింది.

అంతటితో అయిపోలేదు, అసలు బేరం అప్పుడు జరిగింది. విల్దా సహాయకురాలు మొంత్సే తోమె కొత్త కోచ్‌గా వచ్చి, ఆడబోమన్న ప్లేయర్లలో చాలామందిని మొదటి జట్టులోనే ప్రకటించేసింది. రాకపోతే వేటు పడుతుందన్న భయం పెట్టుకుని వాళ్ళు వలెన్సియా దగ్గర ఒలీవాలో హోటల్‌కి చేరారు. ప్రభుత్వ క్రీడా మండలి, ఫెడరేషన్, ప్లేయర్లు తెల్లవారుజామున 5 దాకా కూర్చున్నారు. ఫెడరేషన్‌లో మార్పులు చేస్తామని, వెళ్ళిపోయేవాళ్ళకి శిక్ష ఉండదని ఒప్పుకున్నాక 21 మంది ఉండిపోయారు, మాపీ, పాత్రీ వెళ్ళిపోయారు. రెండు రోజులకి గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ మీద 3-2తో గెలిచారు. అదే నెలలో లీగ్‌లోనూ సమ్మె నడిచింది. ప్రపంచ చాంపియన్ల దేశంలో తొలి రౌండ్ మ్యాచ్‌లు జరగలేదు, కనీస జీతం 16,000 నుంచి 21,000 యూరోలకి పెంచాక గానీ ఆట మొదలుకాలేదు.

ఆ తర్వాత ట్రోఫీలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో సెవియాలో ఫ్రాన్స్ మీద 2-0తో నేషన్స్ లీగ్ (యూరప్ జాతీయ జట్ల ఇంకో కప్పు), అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 2025 జులైలో బాసెల్‌లో యూరో ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో పెనాల్టీలతో ఓటమి. ఆ యూరోలో పాత్రీ, పీనా ఇద్దరూ ఆడారు, అంటే గాయాలు మెల్లగా మానుతున్నాయన్నమాట. తోమె కాంట్రాక్టు పొడిగించకుండా సోనియా బెర్ముదెస్‌ని కోచ్ చేశారు. రాయోకీ, బార్సిలోనాకీ, అత్లెతికోకీ గోల్స్ కొట్టిన స్ట్రైకర్, 2015 ప్రకటనలో సంతకం చేసిన 23 మందిలో ఒకరు. డిసెంబర్‌లో మాడ్రిడ్‌లో జర్మనీ మీద 3-0తో రెండో నేషన్స్ లీగ్ గెలిచినప్పుడు గోల్స్ కొట్టింది పీనా రెండు, నవీ ముంబైలో మనం చూసిన విక్కీ లోపెస్ ఒకటి.

ఇక చిక్కు ఉన్నది లీగ్‌లో. 2020 నుంచి 2025 దాకా ప్రతి టైటిలూ బార్సిలోనాదే, మ్యాచ్ మొదలవకముందే స్కోరు ఊహించగలిగే లీగ్‌ని టీవీలో ఎన్నాళ్ళు చూస్తారు? మరియోనా ఆర్సెనల్‌కి వెళ్ళింది, ఓల్గా పారిస్‌కి వెళ్ళింది, ఇంగ్లండ్ క్లబ్‌ల దగ్గర ఉన్న డబ్బు స్పెయిన్‌లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ తప్ప మిగతావాళ్ళ దగ్గర లేదు. ఇంకో ఐదేళ్ళకి ఈ జట్టు గురించి రాయాల్సి వస్తే ఫెడరేషన్ కన్నా టీవీ హక్కుల డబ్బు గురించే ఎక్కువ రాయాల్సి వస్తుందని నా అనుమానం.